భౌతికశాస్త్రము చదివి నేనేమి నేర్చితిని?

మొన్నటి వేసవిలో నా మనుమరాలు ఇంటర్మీడియెటు ముగించినది. మంచి మార్కులు వచ్చినవి. ఇంజనీరింగు కళాశాలలో సీటు దొరకునని తెలిసి యింటిల్లిపాదియు సంతోషముగా నుండగా, ఆ పిల్ల కంచము ముందు కూర్చుండి, తలయెత్తకయే, "నేను డిగ్రీలో ఫిజిక్సు చదువుదును, నాన్నా" అన్నది. కోడలు వడ్డించుచున్న గరిటె గాలిలో నట్లే నిలిచిపోయినది. మా అబ్బాయి కేకలు వేయు స్వభావము కలవాడు కాడు. కూతురు నేమియు ననక నా వైపు తిరిగి, "అమ్మా, నీవు యం.యస్సీ ఫిజిక్సు చదివితివి గదా! దానివలన నీకేమి వచ్చినదో నీవే దానికి చెప్పుము" అనెను.

అతడు దెప్పిపొడుపుగా ననలేదు. నిజముగా తెలిసికొనగోరియే యడిగెను. అందుచేతనే నాకు మరింత తగిలినది.

నాకు 1976వ సంవత్సరమున వాల్తేరులో పట్టము వచ్చినది. ఆ యేటనే పెండ్లియైనది. మావారిది బ్యాంకి యుద్యోగము. మూడేండ్ల కొక యూరు. పరిశోధనకు చేరుటకై నేను వ్రాసిన దరఖాస్తు పంపనే లేదు. అది ట్రంకుపెట్టె యడుగున చాలకాలముండి, ఒక బదిలీలో చెదలుపట్టిన పుస్తకములతో గూడ పోయినది. నేను జీతము తెచ్చిన దినము నా జన్మమున లేదు. ఇరుగుపొరుగు పిల్లలకు లెక్కలును సైన్సును చెప్పితిని గాని దాని నెవరును ఉద్యోగమనరు. ఇట్టి నన్ను "నీ చదువువలన నేమి వచ్చినది" అని యడిగిన తటాలున నేమి చెప్పగలను? ఆ రాత్రి నిద్రపట్టక యాలోచించినదంతయు నిక్కడ వ్రాయుచున్నాను. సోదరీమణులలో ననేకుల యిండ్ల నీ ప్రశ్న యేదో యొక రూపమున పుట్టియే యుండును.

మొదట రానిది చెప్పుదును. క్రొత్తకోడలు ఫిజిక్సు చదివినదని విని, కాపురమునకు వచ్చిన వారములోనే మా అత్తగారు మూగపోయిన రేడియోను తెచ్చి నా ముందు పెట్టిరి. ట్రాన్సిస్టరులో నెలక్ట్రానులు ఎట్లు నడచునో నాకు తెలియును. ఆ రేడియో యేల పలుకదో మాత్రము తెలియదు. వీధి చివర దుకాణములోని కుర్రవాడు, ఎనిమిదవ తరగతి తప్పినవాడు, పది నిమిషములలో దానిని పాడించెను. మా అత్తగారు నన్నేమియు ననలేదు గాని, ఆ కుర్రవానికి కాఫీ యిచ్చునపుడు ఆమె నా వంక చూచిన చూపు నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. ఫిజిక్సు పట్టము చేతిపని నేర్పదు. చదివిన సూత్రములైన నిలుచునా యన్న, అవియు నిలువవు. మాక్స్‌వెల్ సమీకరణములు నాలుగని యెరుగుదును. ఆ నాలుగింటిని తప్పులేక వ్రాయుమన్న నేడు వ్రాయలేను. చేతిపని రాక, సూత్రము నిలువక, మరి మిగిలినదేమి?

దానికి వాల్తేరు వెళ్లవలెను.

ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో స్థాపింపబడినది. కలకత్తాలో రామనుగారి యొద్ద పనిచేసిన సూరి భగవంతముగారు 1932లో అక్కడకు వచ్చి భౌతికశాస్త్ర శాఖకు పేరు తెచ్చిరి. సన్న్యాసాశ్రమము స్వీకరించియు అణుకేంద్ర పరిశోధన చేసిన స్వామి జ్ఞానానందగారు ప్రయోగశాల నెలకొల్పినదియు నక్కడనే. మేము చేరునాటికి వారిరువురును అక్కడ లేరు. గురువుల మాటలలో వారి పేర్లు మాత్రము వినబడుచుండెడివి. మా తరగతిలో ఆడపిల్లలము నలుగురము.

చేరిన క్రొత్తలో నాకు కేటరు లోలకమను ప్రయోగము వచ్చినది. అది యొక లోహపు కడ్డీ. దాని కిరువైపుల రెండు కత్తియంచులు, నడుమ జరుపదగిన బరువులు ఉండును. ఏ యంచుపై వ్రేలాడదీసి యూపినను ఊగుటకు పట్టుకాల మొక్కటే యగునట్లు బరువులను జరుపవలెను. అట్లు కుదిరినపుడు రెండంచుల నడిమి దూరమును ఊగుకాలమును తీసికొని, భూమి వస్తువులను ఎంత వేగముగా తనవైపు లాగుచున్నదో లెక్కకట్టవచ్చును. వినుటకు సులువే. ఊపిన కడ్డీముందు గడియారము పట్టుకొని రెండు గంటలసేపు ఒకటి, రెండు, మూడని లెక్కపెట్టుచు, నడుమ నెవరైన పలుకరించిన మరల మొదటికి వచ్చుట యెంత విసుగో చేసినవారికే తెలియును.

మా పుస్తకములో జవాబు 981 అని యుండెను. నాకు 976 వచ్చినది. సాయంకాలమగుచుండెను, హాస్టలులో ఫలాహారము వేళ దాటుచుండెను. నేను పట్టికలోని కాలములను ఇక్కడ కొంచెము, అక్కడ కొంచెము తగ్గించి దిద్దితిని. జవాబు సరిగా 981 వచ్చినది. అందమైన చేవ్రాతతో వ్రాసి రికార్డు పుస్తకమును గురువుగారి కిచ్చితిని.

ఆయన చూచి, "చాల బాగున్నదమ్మా. ఈ ప్రయోగము మీరెక్కడ చేసిరి?" అని యడిగిరి.

"ఇక్కడనే, మన ప్రయోగశాలలోనేనండి."

"అట్లు తోచదు. మీరు లోలకమును లండనులో నూపియుందురు. 981 ఆ యూరిది. వాల్తేరులో 978న్నర దాపున రావలెను."

భూమి గుండ్రముగా నున్నను, నడిమిభాగమున నించుక ఉబ్బియున్నది. పైగా తన చుట్టు తాను తిరుగుచున్నది. అందుచేత నీ లాగుడు భూమధ్యరేఖ యొద్ద 978, ధ్రువముల యొద్ద 983 దాక నుండును. ఇది నేను చదివిన సంగతియే, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్న సంగతియే. ఐనను దొంగతనము చేయునపుడు జ్ఞాపకము రాలేదు. నాకు వచ్చిన 976 నిజమునకు ఎంత దూరమో, నేను దిద్దిన 981 కూడ అంతే దూరము. అబద్ధమాడి, ఆ అబద్ధమును కూడ తప్పుగా నాడితిని.

ఆయన కోపపడలేదు. ఎఱ్ఱసిరాతో 981ని కొట్టివేసి, "రేపు మరల రండు. ఎంత వచ్చిన నంత వ్రాయుడు. దాని ప్రక్కన, ఎంతవరకు తప్పు కావచ్చునో అదియు వ్రాయుడు" అనిరి. మరి మూడు సాయంకాలములు పట్టినది. నేనపుడు మొదటిసారి నా బొటనవ్రేలిని గూర్చి యాలోచించితిని. గడియారపు మీట నొక్కుటలో నా వ్రేలు ఇంచుమించు సెకనులో నైదవవంతు ముందో వెనుకో యగును. ఒక్క ఊపును కొలిచినచో, రెండు సెకనులలో నది పదవవంతు తప్పు. నూరు ఊపులు కొలిచి నూటితో భాగించినచో ఆ తప్పే వేయవవంతునకు దిగును. వ్రేలు మారలేదు, గడియారము మారలేదు. కొలుచు తీరు మారినది. చివరకు 978 వ్రాసి, దాని ప్రక్కన కూడికగుర్తు క్రింద తీసివేతగుర్తు పెట్టి, 1 అని వ్రాసితిని. ఇటు నొకటి, అటు నొకటి తప్పు కావచ్చునని దాని యర్థము. గురువుగారు సంతకము చేసిరి.

నేను రెండేండ్లలో నేర్చినది ఆ చిన్న గుర్తేనని నాకిపుడు తోచుచున్నది. తక్కినదంతయు దాని వ్యాఖ్యానము. ఎంత యని యడుగుట, ఎంతవరకు నమ్మవచ్చునని వెంటనే మరల నడుగుట, కన్ను చూచినదే చేయి వ్రాయుట. ఇవి తర్కశాస్త్రము చదివినను రావచ్చును, కోర్టులో వాదించినను రావచ్చును. కాని భౌతికశాస్త్రములో వాదించుట కెదుటి మనుష్యుడుండడు. కడ్డీ యుండును. దానిని బుజ్జగించియు లాభములేదు, గద్దించియు లాభములేదు.

సంసారములో నిది యెట్లు పనికివచ్చినదని యడుగుదురేమో. 1982 ప్రాంతమున మేమొక చిన్నయూరిలో అద్దెయింట నుంటిమి. ఇస్త్రీపెట్టె పెట్టినపుడెల్ల ఫ్యూజు తీగ కాలిపోవుచుండెను. ఇంటివారు మంచివారు, నాలుగుమార్లు తీగ మార్చి విసిగి, ఐదవమారు లావుపాటి రాగితీగ చుట్టి, "ఇక నిది జన్మములో కాలదు" అనిరి. అందరును సంతోషించిరి. నాకు మాత్రము గుండె ఝల్లుమన్నది. ఆ తీగ కాలుటకే పెట్టినది గదా! అది కాలకున్న గోడలోని తీగలు కాలును. పెట్టె 750 వాట్లది. ఇంటికి వచ్చునది 230 వోల్టులు. భాగించిన మూడు ఆంపియరులకు కొంచెము పైన. ఐదు ఆంపియరుల ఫ్యూజు దాని కేల కాలవలెను? కాలుచున్నదన్న తప్పు ఫ్యూజులో లేదు. ఇంటిలోని వానినన్నిటిని విప్పి ఒక్కొక్కటే తగిలించి చూచితిని. ఒకమారు ఒక్క మార్పే. చివరకు పెట్టె తీగ పిడియొద్ద లోలోపల చివికి, రెండు పోగులు తాకుచున్నవని తేలినది. తీగ మార్పించితిమి. మా అత్తగారు రేడియో సంగతి ఆనాటినుండి యెత్తలేదు.

ఇది చిన్నమాట. పెద్దమాట 2021 మే నెలది.

అప్పటి దినములు జ్ఞాపకము చేసికొనుట కెవరికి నిష్టముండును? మావారికి జ్వరము వచ్చి నాలుగవదినము. పిల్లలెవరును దగ్గర లేరు. ప్రక్కయింటివారు గుమ్మములో ఆక్సీమీటరు పెట్టి పోయిరి. అది వ్రేలికి తగిలించు చిన్న చిమట. దానిలో రెండు దీపములుండును. ఒకదాని కాంతి యెఱుపు, ఒకదాని కాంతి కంటికి కనబడని పరారుణము. ప్రాణవాయువు నిండిన రక్తము ఎఱ్ఱకాంతిని తక్కువగాను, లేని రక్తము ఎక్కువగాను పీల్చుకొనును. రెండు కాంతులలో నేది యెంత దాటివచ్చినదో పోల్చి ఆ యంత్రము శాతము చెప్పును. ఈ యుపాయము 1970ల నడుమ జపానులో తకువో అవోయగి కనిపెట్టినది. 94 కంటె తగ్గిన జాగ్రత్తపడవలెనని ఆనాడు పసిబిడ్డలు కూడ చెప్పుచుండిరి.

మావారి వ్రేలికి పెట్టగా 86 చూపినది.

ఫోనులో మా అబ్బాయి గొంతు వణికినది. "వెంటనే ఆసుపత్రికి తీసికొనిపో" అనెను. ప్రక్కయింటాయన గోడ మీదినుండి, "ఆ యంత్రములు నమ్మదగినవి కావండి, మొన్న మాకును అట్లే చూపినది" అనిరి. ఇద్దరు చెప్పినదియు నా మేలుకే. నేను యంత్రమును నా వ్రేలికి పెట్టుకొంటిని, 98. అనగా యంత్రము పిచ్చిది కాదు. మావారి చేయి పట్టుకొని చూచితిని, మంచువలె నున్నది. చల్లని వ్రేలిలో రక్తము సరిగా నాడదు; యంత్రము తడబడును. చేతిని నా చేతులలో పెట్టుకొని రుద్ది వేడిచేసి, రెండు నిమిషములాగి, వేరొక వ్రేలికి పెట్టితిని. 93. మరల 92. మరల 93. కావున 86 నిజము కాదు. కాని అంతా కుశలమనుటయు నిజము కాదు. వైద్యునికి ఫోను చేయగా, బోరగిల పడుకొనబెట్టి రెండేసి గంటల కొకసారి చూచుచుండుమనియు, 90కి దిగిన తప్పక తీసికొనిరమ్మనియు చెప్పిరి.

గోడ క్యాలెండరులో గడచిన నెల కాగితము చింపి, దాని వెనుక అడ్డముగా గంటలు, నిలువుగా శాతము గీసితిని. ప్రతిమారు చేయి వేడిచేసి మూడుసార్లు చూచి, నడిమిది చుక్కగా పెట్టితిని. పగలు పండ్రెండింటికి 93, రెండింటికి 93, నాలుగింటికి 92, ఆరింటికి 92, ఎనిమిదింటికి 91. మావారు కన్నులు తెరచి, "ఒక్క అంకె తేడా కేమి? నీవే చెప్పుచుందువు గదా, యంత్రమునకు రెండంకెల తప్పుండునని. తెల్లవారిన తరువాత చూతము" అనిరి. ఆయన చెప్పినది ముమ్మాటికి నిజము. ఏ రెండు చుక్కలను తీసికొన్నను వానినిబట్టి యేమియు చెప్పరాదు. కాని ఐదు చుక్కలు వరుసగా నొక్కవైపే దిగుచున్నవి. పొరపాటైనచో ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి పోవలెను. ఇది పొరపాటు కాదు, వాలు. 90 వచ్చువరకు కూర్చుండిన తెల్లవారుజామగును. ఆ వేళకు బండి దొరకునో లేదో. రాత్రి తొమ్మిదింటికే బయలుదేరితిమి. ఆసుపత్రి చేరి చూపినపుడు 89.

పదునొకండు దినములు ఆయన ప్రాణవాయువుపై నుండిరి. నా చదువు ఆయనను బ్రతికించినదని నేననను. వైద్యులును నర్సులును బ్రతికించిరి. మంచము దొరకుట అదృష్టము. ఆ వారములో నాకంటె చురుకుగా పరుగెత్తిన యిల్లాండ్రు పసుపుకుంకుమలు పోగొట్టుకొనిరి. నా చదువు చేసినదల్లా ఆ రాత్రి నన్ను రెండు తప్పులు చేయనీయకుండుట. మొదటి యంకెను చూచి నేను బెదరలేదు, ఐదవ యంకెను చూచి యుపేక్షింపలేదు. (ఈ మాట వ్రాయుచుండగా మావారు వెనుకనుండి చదివి, "ఐదవదాని కొంత బెదరితివిలే" అనుచున్నారు. నిజమే.)

ఇట్లు కొలతను నమ్ముకొని జీవితము గడపిన స్త్రీ యొకరి సంగతి చెప్పక యుండలేను. అన్నా మణిగారు 1918లో తిరువాన్కూరు రాజ్యమున పీరుమేడులో పుట్టిరి. 1939లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టము పొంది, బెంగుళూరులో రామనుగారి ప్రయోగశాలలో చేరి, వజ్రములపై కాంతి ప్రసరించు తీరును పరిశోధించిరి. ఒక్కొక్క ఫొటో ఫలకమునకు పదునైదు, ఇరువది గంటలు కాంతి సోకవలసి యుండుటచే రాత్రులు ప్రయోగశాలలోనే గడపెడివారట. ఐదు పరిశోధన వ్యాసములు ప్రకటించియు, యం.యస్సీ లేదను కారణమున ఆమెకు డాక్టరేటు రాలేదు. 1945లో ఇంగ్లండు వెళ్లిరి. చదువదలచినది భౌతికశాస్త్రము, దొరకిన విద్యార్థివేతనము వాతావరణ పరికరములకు. 1948లో తిరిగివచ్చి పూనా వాతావరణ శాఖలో చేరి, అంతవరకు విదేశములనుండి తెప్పించు పరికరములను నూరింటి వరకు ఇక్కడనే చేయుటకు ఒక పద్ధతియు, నమూనా పటములును ఏర్పరచిరి. దేశమున నెక్కడ ఎంత యెండ కాయునో కొలిపించి గ్రంథస్థము చేసిరి. మన మేడలపై నేడు సూర్యకాంతితో విద్యుత్తు తీయు పలకలు పెట్టుకొనుచున్నామన్న, ఎంత వచ్చునో ముందుగా చెప్పుటకు అట్టి కొలతలే యాధారము. వజ్రములు వదలి వానమానముల కడకు పోయినదని యెవరైన జాలిపడవచ్చును. నాకట్లు తోచదు. ఆమె వెంట తీసికొనిపోయినది వజ్రములు కావు, కొలుచు శ్రద్ధ.

మాతో చదివిన తక్కిన మువ్వురిలో నొకతె వాతావరణ శాఖలోనే పనిచేసినది. ఒకతె యం.యస్సీ పిదప భాభా అణుపరిశోధన కేంద్రమున ఏడాది శిక్షణ పొంది, క్యాన్సరు ఆసుపత్రిలో రోగికి కిరణము లెంత మోతాదులో నీయవలెనో లెక్కకట్టు పనిలో నుండినది. మూడవది బ్యాంకి యధికారిణి. అప్పుకొరకు వచ్చినవారు తెచ్చిన పట్టికలో నేయంకె దిద్దినదో ఇట్టే పట్టునట. (ఆ విద్య నా యొద్దనే నేర్చినదని యామెతో పరిహాసమాడుచుందును.)

మా అబ్బాయి భయము వట్టిదనను. వట్టి బి.యస్సీతో మంచి యుద్యోగము దొరకుట కష్టము. పై చదువు చదువవలెను, ఐదారేండ్లు ఓపిక పట్టవలెను, ఆ యేండ్లలో ఇంజనీరింగు చదివిన పినతండ్రి బిడ్డలు కార్లు కొందురు. ఆ సంగతి మనుమరాలికి దాచక చెప్పితిని. ఇంకొకటియు చెప్పితిని. నాకు వచ్చిన నేర్పులకు ఎవరును జీతమీయలేదు; ఈయవలసి యుండెను. నేను ఫ్యూజు తీగలకును క్యాలెండరు కాగితములకును వాడిన బుద్ధిని, పంపని ఆ దరఖాస్తు పంపియుండినచో, మరి వేనికి వాడియుందునో యని యేబదియేండ్లుగా నప్పుడప్పుడు తోచుచునే యున్నది. "ఇంట పనికివచ్చినది గదా యని నన్ను చూపి నిన్ను ఒప్పించెదరేమో, ఒప్పుకొనకుము. చదివిన పిమ్మట ఆ పనిలోనే యుండుము" అంటిని. కోడలు విని యేమియు ననలేదు. కాని ఆ రాత్రి నా మంచము దగ్గరకు వచ్చి చాలసేపు కూర్చున్నది.

మరునాడు ఆ పిల్ల నా పాత రికార్డు పుస్తకమును అటకమీదినుండి దింపించినది. ఎఱ్ఱసిరా గోధుమరంగు తిరిగినది గాని, కొట్టివేసిన 981 చక్కగా కనబడుచున్నది. కథ విని పడిపడి నవ్వి, దారమునకు తాళముకప్ప కట్టి, బాల్కనీ యినుపకమ్మికి వ్రేలాడదీసినది. గంటసేపటికి ముఖము చిన్నబుచ్చుకొని వచ్చి, "నాయనమ్మా, 9.8 మీటర్లు రావలెను గదా, నాకు 9.5 వచ్చినది. ఏమి వ్రాయుదును?" అని యడిగినది.

"9.5 వ్రాయుము. దారము పొడవు ఎక్కడనుండి ఎక్కడికి కొలిచితివి?"

"కమ్మినుండి ముడి వరకు."

"బరువంతయు ముడియొద్ద నున్నదా?"

ఒక్కక్షణము నా ముఖము చూచి, టేపు తీసికొని పరుగెత్తినది. కొంతసేపటికి నేను కాఫీ తీసికొని వెళ్లునప్పటికి, పిల్ల తాళముకప్ప నడుమ సుద్దతో గీత గీయుచున్నది. మా అబ్బాయి ఆఫీసు ఫోను పెట్టివేసి, చేతిలోని గడియారమును చూచుచు, పెదవులు కదపుచు ఊపులు లెక్కపెట్టుచున్నాడు. పలుకరింపబోతిని. చేయెత్తి వారించెను. పదునేడు, పదునెనిమిది.